చేతులు మారిన రేడియోలు

మన దేశంలో హామ్ రేడియో చరిత్ర రాయాలంటే సగం చరిత్రను తుక్కు కొట్లలో వెతుక్కోవాలి. పరీక్షలు, లైసెన్సులు, సంఘాలు, తుఫాన్లప్పుడు చేసిన సేవ గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఆ హామ్‌ల చేతికి సామాను ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది అన్నది రాసినవాళ్లు తక్కువ. స్వర్ణోత్సవ సంచికకు రేడియో మీద ఏదైనా రాయమని కమిటీ వారు అడిగినప్పుడు నాకు ముందు తట్టింది ఇదే. ఇంకో కారణమూ ఉంది. బడిలో హామ్ రేడియో క్లబ్బు పెట్టాలని మన సంఘం తీర్మానించింది కదా. దానికి కొత్త సామాను కొనాలా, పాతది కొనాలా అని రెండు సమావేశాల్లో గట్టిగానే వాదన జరిగింది. ఆ రెండు రోజులూ నేను ఎక్కువ మాట్లాడలేదు. చెప్పదలచుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. హామ్ అంటే ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, తనకంటూ ఒక కాల్‌సైన్‌తో ఇంటి నుంచి రేడియోలో మాట్లాడే అభిరుచి ఉన్న మనిషి. వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు ప్రసారం చేయకూడదు. మన దేశపు కాల్‌సైన్‌లు ఎక్కువగా వీయూ అనే అక్షరాలతో మొదలవుతాయి. సెల్‌ఫోనుకు టవరు కావాలి, కంపెనీ కావాలి. హామ్‌కు ఒక పెట్టె, ఒక బ్యాటరీ, ఒక తీగ చాలు. ఆ పెట్టె, ఆ తీగ ఎలా దొరికేవన్నదే మన కథ.

మన దేశంలో మొదటి హామ్ లైసెన్సు 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తూ గారికి దక్కింది. ఆయన కాల్‌సైన్ 2జేకే. అప్పట్లో కొనడానికి సామానే లేదు, కాబట్టి పాతదీ కొత్తదీ అన్న తేడా కూడా లేదు. కాయిలు చుట్టుకోవాలి, కండెన్సరు పలకలు కోసుకోవాలి. విదేశాల నుంచి వాల్వు వస్తే దాన్ని పసిపిల్లను చూసినట్టు చూసుకోవాలి. 1930ల నడిమికి కూడా దేశం మొత్తం మీద హామ్‌లు 50 మంది లేరు. ఇంతలో 1933లో ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సామాను దగ్గర ఉంచుకోవడమే నేరమైంది. మాట్లాడటం సంగతి పక్కన పెట్టండి, ఇంట్లో ఉంచుకోవడమే తప్పు. పాత సామాను కొనుగోలు మీద ఈ చట్టం నీడ తరతరాలు పడింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

1939లో యుద్ధం మొదలవగానే హామ్‌లందరూ తమ ట్రాన్స్‌మిటర్లు పోలీసులకు అప్పగించాలని ఉత్తర్వులు వచ్చాయి. అప్పగించినవారు అప్పగించారు, విప్పి దాచినవారు దాచారు. విప్పిన సామాను ఏమవుతుందో తెలియాలంటే 1942 నాటి బొంబాయి చూడాలి. క్విట్ ఇండియా ఉద్యమంలో ఉషా మెహతా గారూ ఆమె సహచరులూ నడిపిన రహస్య కాంగ్రెస్ రేడియోకు ట్రాన్స్‌మిటర్ కూర్చిపెట్టింది నారిమన్ ప్రింటర్ అనే హామ్. చికాగో రేడియో కంపెనీకి చెందిన నానక్ మోత్వానీ గారు సామాను అందించారు. ఆగస్టు చివర మొదలైన ఆ స్టేషన్, ఇల్లు మార్చుకుంటూ మార్చుకుంటూ నవంబరు 12న పట్టుబడే దాకా నడిచింది. పట్టించడంలోనూ ఆ ట్రాన్స్‌మిటర్ చేసిన మనిషి పాత్ర ఉందన్నది విషాదం. అంత ప్రమాదకరమైన సరుకుగా విడి భాగాలను చూసిన కాలం అది.

యుద్ధం ముగిశాక అదే సరుకు గుట్టలు గుట్టలుగా రోడ్డు మీద పడింది. అసలు చరిత్ర ఇక్కడ మొదలవుతుంది.

బర్మా వైపు యుద్ధానికి తూర్పు భారతమంతా సైనిక స్థావరంగా మారింది కదా. బ్రిటిష్ వాళ్లూ అమెరికన్లూ తెచ్చిన వైర్‌లెస్ సెట్లను యుద్ధానంతరం వెనక్కి తీసుకుపోవడం కన్నా అమ్మేయడం చవక. వేలంపాటల్లో లారీల లెక్కన అమ్మారు. కొన్నవాళ్లకు కావలసింది రేడియో కాదు. లోపలున్న రాగి, అల్యూమినియం, ఇత్తడి కావాలి. ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి తీగ అమ్ముకునేవాళ్లు, పెట్టెలు కరిగించేవాళ్లు. వాళ్ల సుత్తి దెబ్బకు ముందే అక్కడికి చేరుకున్న హామ్‌కు తూకం లెక్కన రిసీవరు దొరికేది. మన పెద్దవాళ్లు దీన్నంతటినీ కలిపి డిస్పోజల్ సామాను అనేవారు. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. అప్పట్లో మిలిటరీ బూట్ల దగ్గర నుంచి గుడారాల దాకా అన్నీ డిస్పోజలే.

అందులో పేరు పడ్డ సెట్లు కొన్ని. అమెరికా బాంబర్ విమానాల్లో వాడిన బీసీ-348 రిసీవరు ఒకటి. విమానం కరెంటు 28 వోల్టులు, కాబట్టి దానిలో డైనమోటర్ అనే చిన్న మోటారు ఉండేది. దాన్ని తీసిపారేసి, ఆ జాగాలో ఇంటి కరెంటుకు సరిపడే పవర్ సప్లై కూర్చితే ఏళ్ల తరబడి పనిచేసేది. బ్రిటిష్ ట్యాంకుల్లో వాడిన 19వ నంబరు సెట్టు మరొకటి. అది 2 నుంచి 8 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. హామ్‌లకు ప్రాణమైన 7 మెగాహెర్ట్జ్, అంటే 40 మీటర్ల బ్యాండ్, అందులోనే ఉంది. దీనిలో ఒక తమాషా ఉంది. కెనడాలో చేసిన కొన్ని సెట్ల ముందు పలక మీద అక్షరాలు ఇంగ్లీషులోనూ రష్యన్‌లోనూ ఉండేవి. సోవియట్ సైన్యానికి పంపడానికి అలా చేశారు. చేతిలో ఉన్న పెట్టె ఏ దేశం కోసం తయారైందో, ఏ దేశం గుండా వచ్చిందో ఆలోచిస్తే నాకిప్పటికీ వింతగా ఉంటుంది.

ట్రాన్స్‌మిటర్ మాత్రం ఎక్కువమంది సొంతంగా కట్టుకునేవారు. దానికి 807 అనే వాల్వు ఉంటే చాలు. గాజు బుడ్డి, పైన ఒక టోపీ, ఆ టోపీకి 600 వోల్టులకు పైన కరెంటు. చెయ్యి తగిలితే మనిషి మిగలడు. ఇది కూడా డిస్పోజల్‌లో దొరికేది. ఫ్రీక్వెన్సీ నిలబెట్టడానికి ఎఫ్‌టీ-243 అనే నల్లటి డబ్బీల్లో క్వార్ట్జ్ పలుకులు దొరికేవి. కావలసిన ఫ్రీక్వెన్సీది దొరక్కపోతే డబ్బీ విప్పి, పలుకును అద్దం మీద మెత్తటి పొడితో అరగదీసేవారు. పలచనయ్యేకొద్దీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. కాస్త ఎక్కువ అరిగిపోతే పెన్సిలు ముల్లు రుద్ది దించుకునేవారు. నగ పని చేసే కంసాలికి ఉండేంత ఓపిక కావాలి దానికి.

ఇదంతా మన దేశంలోనే జరిగిందనుకోకండి. అమెరికాలోనూ యుద్ధం తరువాత ఇదే కథ. న్యూయార్క్‌లో కోర్ట్‌లాండ్ స్ట్రీట్ చుట్టుపక్కల వీధులను రేడియో రో అనేవారు. మిలిటరీ సామాను పేవ్‌మెంట్ల మీద పరిచి అమ్మేవారు. 1960లలో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టడానికి ఆ వీధుల్ని కూల్చారు. హీత్‌కిట్ అనే పేరు మన ఇంజనీర్లు చాలామంది విని ఉంటారు. ఆ కంపెనీ 1947లో అమ్మిన మొదటి ఆసిలోస్కోప్ కిట్టు యుద్ధంలో మిగిలిన భాగాలతో చేసిందే. అందుకే 50 డాలర్ల లోపు ఇవ్వగలిగారు. ఒహాయో రాష్ట్రంలో డేటన్ హామ్‌వెన్షన్ అనే జాతర 1952 నుంచి జరుగుతోంది. ఇప్పుడది పక్కనున్న జీనియా ఊరికి మారింది. అక్కడి సంతలో పాత సామాను కోసం ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థులు మే నెలలో అటు వెళ్లగలిగితే తప్పక చూడండి.

తేడా ఎక్కడంటే, అక్కడ పాతది కొనడం ఒక దారి. ఇక్కడ అదొక్కటే దారి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో హామ్‌లు దాదాపు 50 మంది. 1948లో మౌ పట్టణంలోని సిగ్నల్స్ స్కూలు కేంద్రంగా అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. తరువాత అది ఢిల్లీకి మారి, 1954లో అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది. 1970 నాటికి కూడా దేశం మొత్తం మీద వెయ్యి మంది లేరు. తెలివితేటలు లేక కాదు, సామాను లేక. దిగుమతి సుంకం చూస్తే కళ్లు తిరిగేవి. బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో వాల్వులు చేయడం మొదలుపెట్టాక కొంత ఊపిరి ఆడింది. అయినా పూర్తి సెట్టు కావాలంటే డిస్పోజలే గతి.

కోస్తా జిల్లాలవారు దీనికోసం రాత్రి రైలెక్కి మద్రాసు పోయేవారు. సెంట్రల్ స్టేషను పక్కనే మూర్ మార్కెట్. పాత పుస్తకాలకు పేరు గానీ లోపలికి పోతే మీటర్లు, వాల్వులు, హెడ్‌ఫోన్లు, మోర్స్ కీలు కూడా దొరికేవి. 1985లో అది తగలబడిపోయింది. ఆ తరువాత రిచీ స్ట్రీటే దిక్కు. తెలంగాణ వారికి హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది, గురువారం నాడు జుమ్మెరాత్ బజార్ ఉంది. జుమ్మెరాత్ బజార్లో ఇనప పెట్టెలూ ఫ్యాన్ రెక్కలూ మధ్య అప్పుడప్పుడు ఒక మిలిటరీ మీటరు మెరిసేది. బేరంలో ఒక పద్ధతి ఉండేది. కావలసిన దాన్ని ముందు ముట్టుకోకూడదు. పక్కనున్న పనికిరాని దాని ధర అడిగి, అది వద్దని లేచి, పోతూ పోతూ ఇదెంత అని అడగాలి. అమ్మేవాడికి ఈ నాటకం మనకన్నా బాగా తెలుసు. అయినా ఇద్దరూ ఆడేవారు.

మన సైన్సు ల్యాబులో బీరువా పైన ముదురాకుపచ్చ రంగు ఇనప పెట్టె ఒకటి ఉండేది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. మాస్టారు దాన్ని తన జీతంలోంచి కొని తెచ్చారని మాకు తరువాత తెలిసింది. అదీ డిస్పోజల్ రిసీవరే. సాయంత్రం డ్రిల్లు పీరియడ్ అయ్యాక తలుపులు వేసి, కిటికీ గుండా వేపచెట్టుకు కట్టిన తీగను తగిలించి వినిపించేవారు. 10 మెగాహెర్ట్జ్ మీద ఢిల్లీ నుంచి ఏటీఏ స్టేషన్ క్షణక్షణానికీ టిక్కు టిక్కుమనేది. నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వారి సమయ సంకేతం అది. దానితో మాస్టారు చేతి గడియారం సరిచేసుకుని, మర్నాడు బడి గంట కూడా దాని ప్రకారమే కొట్టించేవారు. అటెండరుకు ఇది బొత్తిగా నచ్చేది కాదు. ఆ పెట్టె ఇప్పుడు లేదు. పాత సామాను తీసేసినప్పుడు బెంచీలతో పాటు కిలోల లెక్కన పోయింది. మార్కెట్ నుంచి వచ్చినట్టే తిరిగి మార్కెట్‌కు పోయింది అనుకోవాలి.

1960ల నడుమ నుంచి ఎస్‌ఎస్‌బీ అనే కొత్త పద్ధతి వచ్చి పాత ఏఎమ్ సెట్లను వెనక్కి నెట్టింది. తక్కువ పవరుతో ఎక్కువ దూరం పోతుంది, తక్కువ జాగా తీసుకుంటుంది. అయితే పాత రిసీవరులో వింటే బాతు అరిచినట్టుంటుంది. దానితో పాత ఏఎమ్ ట్రాన్స్‌మిటర్ల ధర పడిపోయింది. చేతిలో డబ్బు లేని కుర్రాళ్లు హామ్‌లుగా మారడానికి ఆ పడిపోయిన ధరే కారణం. పెద్దవాళ్లు వదిలేసింది చిన్నవాళ్లకు మెట్టు అయింది.

తరువాతి మలుపు 1980లలో. 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది. పరీక్షకు తయారు చేయడం, క్లబ్బులు పెట్టించడం, విపత్తులప్పుడు మనుషుల్ని పంపడం వంటి పనుల్లో మన తెలుగు వారికి ఆ సంస్థ పెద్ద అండ. 1984లో రాజీవ్ గాంధీ గారు హామ్ సామాను మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. ఆయన స్వయంగా హామ్, వీయూ2ఆర్‌జీ. 1980లో 1,500 మంది ఉన్న హామ్‌లు 2000 నాటికి 10,000 అయ్యారంటే ఆ ఒక్క నిర్ణయం పాత్ర చిన్నది కాదని నా అభిప్రాయం.

సుంకం పోయినా కొత్త జపాన్ సెట్టు ధర మామూలు ఉద్యోగికి అందేది కాదు. అందుకే గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో వాడిన సెట్లు రావడం మొదలైంది. వాటిలో రాజు యేసు కంపెనీ ఎఫ్‌టీ-101. 1970 ప్రాంతంలో వచ్చింది. ట్రాన్స్‌మిటరూ రిసీవరూ ఒకే పెట్టెలో ఉంటాయి. చివరి రెండు వాల్వులు తప్ప దాదాపు అంతా ట్రాన్సిస్టర్లే. ఆ చివరి రెండు వాల్వులే కొనేవాడి కొంప ముంచేవి. అవి అమెరికా టీవీల్లో వాడే 6జేఎస్6సీ రకం, మన బజార్లో దొరకవు. అందుకని తెలిసినవాళ్లు అదే వరుసలో తరువాత వచ్చిన ఎఫ్‌టీ-101జెడ్‌డీ కోసం చూసేవారు, దానిలో 6146బీ వాల్వులు కాబట్టి. అక్షరం తేడాతో ఏళ్ల సుఖం.

అమెరికా నుంచి వచ్చిన సెట్టు వెనక్కి తిప్పి ముందు చూడవలసింది కరెంటు. అక్కడి వోల్టేజీ 117, మన దగ్గర 230. యేసు సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ తీగలు మార్చి కలిపితే 220కి సర్దుకుంటుంది. మార్చకుండా ప్లగ్గు పెట్టి పొగ చూసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరున్నారు. పాత సెట్టు దేన్నైనా సిరీస్ బల్బుతో మొదలుపెట్టాలని పాత మెకానిక్కులు చెప్పే మాట ఇప్పటికీ వేదమే. 100 వాట్ల బల్బు ఒకటి సెట్టుకు వరసలో పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మందగిస్తే ఫరవాలేదు. భగ్గుమని వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్టు ఉంది, సెట్టు మాత్రం బతికింది.

ఇప్పుడు యాంటెన్నాల సంగతి. నా దృష్టిలో పాత సామాను కొనేవాళ్లు ఎక్కువ మోసపోయేది ఇక్కడే, ఎక్కువ లాభపడేదీ ఇక్కడే.

మామూలు డైపోల్ పాతది కొననక్కర్లేదు. 468ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అడుగుల్లో పొడవు వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 66 అడుగుల తీగ, నడిమికి కోసి కేబులు కలపాలి. రెండు కొబ్బరిచెట్లు ఉంటే పని అయిపోయింది. దూర దేశాలకు గురిపెట్టి తిప్పే యాంటెన్నా కావాలంటే ఖర్చు. 1920లలో జపాన్‌లో యాగీ, ఉడా అనే ఇద్దరు కనిపెట్టిన యాగీ యాంటెన్నా మన ఇళ్ల మీది టీవీ యాంటెన్నాలకు తాత. అల్యూమినియం గొట్టాలతో 14 మెగాహెర్ట్జ్‌కు యాగీ చేస్తే ఒక్కో గొట్టం 33 అడుగులు ఉంటుంది. అందుకని మన హామ్‌లు క్వాడ్ వైపు మొగ్గారు. అది 1940ల మొదట్లో ఈక్వెడార్ దేశపు కీటో నగరంలో పుట్టింది. సముద్ర మట్టానికి 9 వేల అడుగుల పైన ఉన్న ఊరు కదా, అక్కడి గాలి పలచన. హెచ్‌సీజేబీ స్టేషన్‌లో యాగీ కొనల దగ్గర నిప్పురవ్వలు లేచి గొట్టాలు కాలిపోతుంటే, క్లారెన్స్ మూర్ అనే ఇంజనీరు కొనలే లేకుండా తీగను చతురస్రంగా చుట్టి సమస్య తీర్చారు. ఆ చతురస్రానికి కావలసింది నాలుగు దిక్కులా చాచిన కర్రలు. మనకు వెదురు ఉంది. తారు పూసిన వెదురు బొంగులతో, టెలిఫోన్ రాగి తీగతో కట్టిన క్వాడ్‌లు మన ఊళ్లలో ఏళ్ల తరబడి అమెరికాతో మాట్లాడాయి. చూసేవాళ్లు మాత్రం డాబా మీద సాలెగూడు కట్టారేమిటనుకునేవారు.

కంపెనీ యాంటెన్నా పాతది కొనేటప్పుడు గొట్టాల మెరుపు చూడకూడదు, కీళ్లు చూడాలి. ఒక గొట్టం మరో గొట్టంలో దూరే చోట అల్యూమినియం తెల్లటి బూడిదలా పూసి ఉంటే అక్కడ కరెంటు సరిగా పోదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, కాకినాడ నుంచి విశాఖ దాకా, ఇది రెండు మూడేళ్లకే మొదలవుతుంది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే మళ్లీ బతుకుతుంది. గొట్టాల మధ్య డబ్బాల్లా ఉండే ట్రాప్‌లలో నీళ్లు చేరాయేమో ఊపి చూడాలి. కందిరీగలు గూళ్లు పెట్టి ఉంటాయి, అది వేరే సంగతి. తిప్పే మోటారు, అంటే రోటేటరు, కింద నేల మీద తిరిగినంత మాత్రాన నమ్మకూడదు. యాంటెన్నా బరువు మీద పడ్డప్పుడు దాని బ్రేకు పట్టుకుంటుందా లేదా అన్నదే ప్రశ్న.

అన్నిటికన్నా పెద్ద దొంగ కోయాక్సియల్ కేబులు. పైన నల్లటి తొడుగు బాగానే ఉంటుంది. లోపల అల్లిక తీగ నీరు తగిలి నల్లబడి ఉంటుంది. దీన్ని పట్టుకునే చిట్కా ఒకటి ఉంది. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పంపిన శక్తిలో ఎంత తిరిగి వచ్చిందో చెబుతుంది. తిరిగి రానిదంతా యాంటెన్నా వాడుకుందని మనం సంతోషిస్తాం. కానీ చెడిపోయిన కేబులు దారిలోనే శక్తిని మింగేస్తుంది, తిరిగొచ్చేదాన్నీ మింగేస్తుంది. అందుకే మీటరు మంచి అంకె చూపిస్తుంది. అమ్మేవాడు అది చూపించి, చూశారా ఎంత బాగుందో అంటాడు. మనం చేయవలసింది కేబులు అవతలి కొనను షార్టు చేసి, అతి తక్కువ పవరు పెట్టి కొలవడం. మంచి కేబులైతే వెళ్లిందంతా తిరిగి రావాలి, మీటరు ముల్లు చివరికి పోవాలి. అంకె 3 దగ్గర ఆగిందంటే సగం శక్తి దారిలోనే పోతోందన్నమాట. చూపిస్తున్న అంకె ఎంత మంచిదైతే కేబులు అంత చెడ్డది. ఇది తెలిశాక బేరం తీరే మారిపోతుంది.

1990లలో కేబుల్ టీవీ వచ్చి డాబాల మీది దూరదర్శన్ యాంటెన్నాలను ఒక్కసారిగా అనాథల్ని చేసింది. మన కుర్రాళ్లకు అది పండగ. ఆ గొట్టాలు తెచ్చి, కొలిచి కోసి, 145 మెగాహెర్ట్జ్‌కు యాగీలు చేసుకున్నారు. కేబుల్ ఆపరేటర్లు వదిలేసిన 75 ఓముల కేబులు ముక్కలు డైపోల్‌కు చక్కగా సరిపోయేవి. పాత ట్యాక్సీ, కంపెనీ వైర్‌లెస్ సెట్లను 2 మీటర్ల బ్యాండుకు మార్చుకోవడం కూడా ఆ కాలపు చదువే.

సామానంతా సమకూర్చుకున్నా చట్టం మాట మరవకూడదు. 1933 నాటి చట్టం దశాబ్దాలపాటు నడిచింది. ఇప్పుడు 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. ట్రాన్స్‌మిటర్ కొనేవాడికి లైసెన్సు ఉండాలి, అమ్మేవాడు అది చూసి అమ్మాలి అన్న నియమం మాత్రం ఎప్పటి నుంచో ఉన్నదే. తెలియని మనిషి తక్కువ ధరకు ఇస్తానంటే అది ఎవరి పేరున ఉందో అడగండి. ఈ చాదస్తం వల్ల పోయిన బేరాలున్నాయి. ఉండనివ్వండి.

పాతది దొరకని చోట కొత్త దారి వెతికినవారినీ చెప్పుకోవాలి. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు, వీయూ2ఈఎస్‌ఈ, బిట్ఎక్స్ అనే ఎస్‌ఎస్‌బీ సెట్టుకు నమూనా ఇచ్చారు. విదేశీ కోర్లు దొరకవు కాబట్టి నల్లా వాషర్ల మీద కాయిలు చుట్టమన్నారు, టీవీ బాలన్ కోర్లు వాడమన్నారు. కంప్యూటర్లలో వాడే 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్‌తో ఫిల్టరు చేయమన్నారు. అది ప్రపంచమంతా పాకింది. డిస్పోజల్ తరం బుద్ధి అందులో ఉందంటాను నేను. దొరికినదాన్నే కావలసినదిగా మార్చుకోవడం.

ఇంత సామాను ఎందుకంటే, 2004 డిసెంబరు చూడండి. హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో అండమాన్ నుంచి ప్రపంచంతో మాట్లాడటానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. హోటల్ డాబా మీద యాంటెన్నాలు నిలబెట్టుకుని ఉండగా 26వ తేదీ ఉదయం భూకంపం, వెనుకే సునామీ. ఫోన్లు పోయాయి. ఆమె తన స్టేషన్‌ను అలాగే సహాయానికి తిప్పి, ద్వీపాల్లో చిక్కుకున్నవారి క్షేమ సమాచారాలు బయటికి పంపారు.

ఇక మన క్లబ్బు. హామ్ పోతే మేము సైలెంట్ కీ అంటాం, మోర్స్ కీ మూగబోయిందని. మన బడిలో చదివిన ఒక పెద్దాయన రెండేళ్ల క్రితం అలా వెళ్లిపోయారు. ఆయన స్టేషన్ మన బడికి ఇస్తామని ఆయన భార్య కబురు పంపారు. అంతకు ముందే పాత సామాన్లవాడు వచ్చి మొత్తానికి ఒక అంకె చెప్పి పోయాడట. ఆ అంకె వింటే ఆ సెట్టు మీద వేలు వేసిన ఎవరికైనా కడుపు మండుతుంది. ఉచితంగా తీసుకుందామని కమిటీలో కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. భర్త పోయిన ఇంట్లో, వస్తువు విలువ తెలియని మనిషి దగ్గర, విలువ తెలిసినవాడు ఉచితంగా తీసుకోవడం నాకు సబబుగా తోచలేదు. అలాగని ఆమె ఇస్తానన్నది దానం, దాన్ని కాదనడమూ మర్యాద కాదు. చివరికి ముగ్గురు లైసెన్సు ఉన్న హామ్‌లం వెళ్లి, ఒక్కో వస్తువుకూ పరీక్ష చేసి, విడివిడిగా ధర రాసి, ఆ కాగితం ఆమె చేతికిచ్చాం. ఏది ఇవ్వాలో, ఏది అమ్మాలో ఆమె ఇష్టం అన్నాం.

ఆమె ఆ కాగితం తన కొడుకుకు ఫోనులో చదివి వినిపించారు. ఎఫ్‌టీ-101జెడ్‌డీ, దాని మైకు, మోర్స్ కీ బడికి ఇచ్చారు. యాగీ, రోటేటరు, యాంటెన్నా ట్యూనరు మేము రాసిన ధరకు సంఘమే కొన్నది. యాగీ కీళ్లు పూసిపోయాయి గానీ గొట్టాలు గట్టివే. రోటేటరు బ్రేకు పట్టుకుంటోంది. కేబులు మాత్రం షార్టు పరీక్షలో 4 దగ్గర ఆగింది. దాన్ని కొనలేదు, కొత్తది తెప్పిస్తున్నాం. ఇనప మాస్టు మొదట్లో తుప్పు పట్టి ఉంది, అది నిజంగానే తుక్కు కిందికి పోతుంది. లాగ్ పుస్తకాలు పదకొండు ఉన్నాయి. వాటికి ధర వేయలేదు. ఆమె తన దగ్గరే ఉంచుకుంటానన్నారు.

పరీక్షకు కనీస వయసు 12 ఏళ్లు. అంటే మన ఏడో తరగతి వాళ్ల నుంచి కూర్చోవచ్చు. క్లబ్బు లైసెన్సు దరఖాస్తు సిద్ధమవుతోంది. అది చేతికొచ్చేదాకా సెట్టు హెడ్‌మాస్టరు గారి గదిలో, లైసెన్సు ఉన్న మనిషి తాళం కింద ఉంటుంది. ఈలోగా ఎవరి ఇంట్లోనైనా వాడకుండా పడి ఉన్న 14 గేజి రాగి తీగ ఉంటే, 70 అడుగులకు తక్కువ కాకుండా, జూబిలీ రోజున పట్టుకురండి. వేపచెట్టు ఇంకా ఉంది.